చెర్రీ మరక

పుట్టినరోజు పార్టీ నుంచి తిరిగొచ్చిన మా మనవడి చొక్కా జేబు గులాబీ రంగుకి తిరిగింది. కేకు మీది చెర్రీని తర్వాత తిందామని అందులో దాచుకున్నాడట. సబ్బు పెట్టాం, నిమ్మచెక్క రుద్దాం, ఎండలో ఆరేశాం. మరక పలచబడింది గాని పోలేదు. "బట్టకే ఇంతలా పట్టిందంటే, కడుపులోకి పోతే ఏమవుతుందమ్మా?" అంది మా అమ్మాయి. మన బేకరీల్లో చెర్రీ పేరుతో చెలామణీ అయ్యేది చాలాసార్లు పాకంలో ఊరి, రంగు పులుముకున్న వాక్కాయ. ఆ సంగతి కూడా చెబితే ఇంకా కంగారుపడుతుందని అప్పటికి ఊరుకున్నాను.

ఒక్క చెర్రీకి బెంగ పెట్టుకోకండి. అలాగని ప్యాకెట్ మీద అనుమతి ఉన్న రంగులే వాడామని రాసి ఉంటే నిశ్చింత పడిపోనూ వద్దు. మన దేశంలో తిండిలో వాడనిచ్చే కృత్రిమ రంగులు ఎనిమిదే. వాటి నంబర్లు ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. పసుపు, నారింజ ఛాయలకి 102, 110, ఎరుపుకి 122, 124, 127, నీలానికి 132, 133, ఆకుపచ్చకి 143. కేకులు, మిఠాయిల్లాంటి వాటిలో మామూలుగా కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. జీవితాంతం రోజూ తిన్నా పరవాలేదని నిపుణులు ఒక్కో రంగుకి ఒక్కో కొలత పెట్టారు. 102కి, అంటే టార్ట్రజీన్‌కి, యూరప్ వాళ్ళ కొలత ఒంటి బరువు కిలోకి 7.5 మిల్లీగ్రాములు. 15 కిలోల పిల్లాడు అది దాటాలంటే, నిండా 100 మిల్లీగ్రాముల రంగు వేసిన మిఠాయి రోజూ కిలో పైన లాగించాలి. అయ్యే పని కాదు. మరి 127? ఈ ఎరిత్రోసిన్‌కి కొలత 0.1 మిల్లీగ్రామే. ఆ పిల్లాడికి రోజుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు. అంత రంగు 15 గ్రాముల మిఠాయిలోనే వచ్చేస్తుంది. చెర్రీలకి ఎక్కువగా వాడేదీ ఇదే. అమెరికా దీన్ని లిప్‌స్టిక్కుల్లాంటి వాటిలో 1990లోనే వద్దంది. తిండిలో వద్దనడానికి మాత్రం 2025 జనవరి దాకా పట్టింది, పైగా కంపెనీలకి 2027 జనవరి వరకు గడువు. మగ ఎలుకల్లో థైరాయిడ్ కణితులు కనబడ్డాయి. మనుషుల్లో అలా జరగదని వాళ్ళే అన్నారు గాని, జంతువులకి క్యాన్సర్ తెచ్చే రంగు తిండిలో ఉండకూడదన్నది వాళ్ళ చట్టం. నేనైతే 127 కనబడితే ఆ ప్యాకెట్ పక్కన పెట్టేస్తాను. చెర్రీ లేని కేకులు బోలెడున్నాయి.

"రంగుల తిండి తింటే పిల్లలు కుదురుగా ఉండరట కదా?" అని అడుగుతారు. 2007లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు కొన్ని రంగుల్నీ సోడియం బెంజోయేట్‌నీ కలిపి పిల్లలకిచ్చి చూశారు. కొందరిలో చురుకుదనం శృతిమించింది, అదీ కొద్దిగానే. 2010 జులై నుంచి యూరప్‌లో ఆరు రంగులకి హెచ్చరిక రాయడం తప్పనిసరి; వాటిలో 102, 110, 122, 124 మన జాబితాలోనూ ఉన్నాయి. మీవాడి విషయంలో అనుమానముంటే రెండు వారాలు మానిపించి చూడండి. వాడి అల్లరంతా రంగు మీదికి మాత్రం తోసేయకండి, అల్లరి పిల్లల హక్కు.

నంబరే లేని తిండితో ఇంకా జాగ్రత్త. చికెన్ 65లో, కబాబుల్లో, బిర్యానీలో కృత్రిమ రంగు అసలు వేయకూడదు. అయినా వేస్తారు, చిటికెడు అంటూ, తూకమన్నది లేకుండా. ఒక ముక్కని గ్లాసుడు నీళ్ళలో వేసి చూడండి. మిరప ఎరుపయితే నూనెతో పైకి తేలుతుంది. రంగయితే నీళ్ళలోకే దిగి గ్లాసంతా ఎర్రబడుతుంది. ఇంట్లో చేసుకుంటే బ్యాడిగి మిర్చి చాలు, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ.

జాతరలో దొరికే పీచు మిఠాయి సంగతి వేరే. దానికి వేసే గులాబీ రంగు కొన్నిచోట్ల రోడమిన్-బి అని తేలింది. అది బట్టలకద్దే రంగు, తిండి జాబితాలో ఎక్కడా లేదు. అందుకే 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, ఆ వెంటే తమిళనాడు పీచు మిఠాయి అమ్మకాన్ని ఆపేశాయి. అంతమాత్రాన పిల్లాడి చేతిలోది లాక్కుని అందరి ముందూ అరవకండి. ఆ గులాబీ మబ్బు మీద వాడి మోజు ఇంకా పెరుగుతుంది. బండి దగ్గరికి వెళ్ళకముందే "తెల్లది కొనుక్కుందాం" అని ఒప్పందం చేసుకోండి. మొన్న తిరనాళ్ళలో మావాడు బేరం పెట్టాడు, తెల్లదయితే రెండు కావాలని. ఇప్పించాను.