అపరాధభీతియు, దైవసన్నిధియందు ధైర్యమును

ప్రార్థనకు కూర్చుండిన మనుష్యునకు మొదటి విఘ్నము వెలుపలినుండి రాదు. కన్నులు మూయగానే తన మనస్సే ఫిర్యాదియై నిలుచును. అదియే సాక్షి, అదియే న్యాయాధిపతి. న్యాయస్థానములయందు మెలగువారికి ఇది మిక్కిలి విపరీతముగా దోచును. ఎంతటి వ్యాజ్యమునకైనను ఒకనాడు తీర్పు కలదు గాని, ఈ వ్యాజ్యము దినదినమును వాయిదా పడుచునే యుండును. ఇట్టి వాయిదాలకు క్రైస్తవధర్మమున ముగింపు గలదని ఆ మతస్థులందురు. ఆ మాటకు అర్థమేమో, అందెంత సత్యము గలదో, అభిమాన దురభిమానములను రెంటిని విడిచి విచారింప దలచితిమి. ఇందులకు మార్టిన్ లూథరు చరిత్రముకంటె అనుకూలమైనది మాకు గానరాదు.

లూథరు 1483వ సంవత్సరమున జర్మనీదేశమందలి ఐస్లేబెను పట్టణమున జన్మించెను. తండ్రి కోరికచే 1505లో ఎర్ఫర్టు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదువ నారంభించెను. (మా వృత్తికి దక్కవలసిన యొక గొప్ప బుద్ధి దక్కకపోయెను, అందులకు మేము చింతింపము.) ఆ యేటి జూలై 2వ తేదిని స్టాటర్న్‌హైము గ్రామసమీపమున దగ్గఱలో పిడుగు పడగా, ప్రాణభీతిచే సన్న్యాసి నయ్యెదనని మ్రొక్కుకొని, పదునైదు దినములలో అగస్టీనియను మఠము ప్రవేశించెను.

అచ్చట అతడు ఉపవాసములు చేసెను, జాగరములుండెను, చలికి నోర్చెను. శాంతి మాత్రము దొరకదయ్యెను. ఇందులకు కారణము నియమలోపము గాదు, నియమములయందలి కఠినమైన చిక్కు. 1215లో గూడిన నాలుగవ లాటరను మహాసభ, ప్రతి క్రైస్తవుడును ఏటికొకసారియైనను గురువునొద్ద పాపముల నొప్పుకొనవలెనని విధించెను. హృదయమున పశ్చాత్తాపము, నోట నొప్పుకొనుట, క్రియచే పరిహారము, ఇవి ఆ ప్రాయశ్చిత్తమునకు అంగములు. వినుటకు సక్రమముగనే యున్నది. కాని సూక్ష్మబుద్ధి గలవాడు, ఒప్పుకొనుటకు జ్ఞాపకమునకు రాని పాపముల గతి యేమని యడుగును. మఱచినవానికిని క్షమ గలదని శాస్త్రములు చెప్పకపోలేదు. భీతచిత్తమునకు ఆ మాట చాలలేదు. ఇంతకంటె లోతైన ముల్లు మఱియొకటి గలదు. శిక్షాభీతిచే గలిగిన దుఃఖము వేఱు, దైవప్రేమచే గలిగిన దుఃఖము వేఱు అని పండితులు విభజించిరి. నా కన్నీరు ప్రేమవలన వచ్చినదా, భయమువలన వచ్చినదా యని తన్ను దానే ప్రశ్నించుకొను సత్యవంతునకు ఏమి యుత్తరము దొరకును? వెదకిన కొలదిని ప్రేమ అడుగున భయమును, భయము అడుగున స్వార్థమును గనబడుచునే యుండును. లూథరు గంటలకొలది తన పాపముల నేకరువు పెట్టెడివాడు. అతని పై యధికారియగు స్టౌపిట్జు, తన్ను దాను త్రవ్వుకొనుట మాని క్రీస్తువైపు చూడుమని బోధించెను.

1512లో లూథరు విట్టెన్‌బర్గునందు వేదాంతాచార్యుడయ్యెను. 1515, 1516 సంవత్సరములలో రోమీయులకు పౌలు వ్రాసిన పత్రికపై నుపన్యసించెను. ఆ పత్రిక మొదటి యధ్యాయమున దేవుని నీతి యను మాట గలదు. దేవుడు పాపుల దండించు నీతియే అదియని తలచి తాను దానిని ద్వేషించితిననియు, అది దేవుడు మనుష్యునకు ప్రసాదించు నీతియనియు, విశ్వాసముచే దాని నందుకొనవలెననియు పిమ్మట గ్రహించితిననియు 1545లో నతడు వ్రాసికొనెను.

ఇచ్చట పదవిచారము కొంత యవసరము. లాటిను భాషలో ఈ సందర్భమున వాడబడిన పదమునకు నీతిమంతుని జేయుట యని యర్థము. గ్రీకు మూలపదమో న్యాయసభలోని మాట, నిర్దోషియని తీర్పు చెప్పుట. తెలుగు బైబిలు ననువదించినవారు నీతిమంతుడుగా తీర్చబడుట యనిరి. తీర్చుట యనగా తీర్పు చెప్పుటయు నగును, చక్కదిద్దుటయు నగును. కొన్ని శతాబ్దముల వివాదమును మన క్రియాపద మొకటి తనలో నడచుకొన్నది!

లోకములో మొదట నడవడి, పిదప తీర్పు. పౌలు చెప్పిన క్రమములో మొదట తీర్పు, పిదప నడవడి. తీర్పు వెలువడినందున, సత్కార్యము ఇక దేవునికి జెల్లించు వెలగా నుండదు. పొరుగువానికై చేయు పనిగా మాఱును. హెబ్రీయులకు వ్రాసిన పత్రికయందు ధైర్యమని తెలుగున జెప్పబడినదానికి గ్రీకుపదము పర్హేసియ. ఏథెన్సు పురములో పౌరుడు సభయందు నిర్భయముగ మాటాడుటకు గల స్వాతంత్ర్యమునకు అదియే పేరు. దాసునకు ఆ స్వాతంత్ర్యము లేదు. కావున ఈ ధైర్యము సాహసము గాదు, అర్జీదారుని వినయమును గాదు. ఇంటిలో స్థానము గలవాని మాట.

అట్లయిన యథేచ్ఛగా పాపము చేయవచ్చునా యని యడుగువారికి పౌలే ఆ పత్రిక ఆఱవ యధ్యాయమున నాక్షేపము నెత్తి ఖండించెను. మాకు గల సంశయము వేఱు. ఒకని దోషమునకు నిర్దోషియైన మఱియొకడు శిక్ష ననుభవించుట ఏ ధర్మశాస్త్రమున న్యాయము? రాజా రామమోహనరాయలు 1820లో క్రీస్తు నీతిబోధలను సంగ్రహించి ప్రకటించినప్పుడు, శ్రీరామపురపు మిషనరీయగు మార్ష్‌మను ఆక్షేపింపగా, ఈ విషయముననే వారిర్వురికి దీర్ఘవాదము జరిగెను. నిజమైన పశ్చాత్తాపమే క్షమకు చాలునని రాయలవారి పక్షము. తప్పిపోయిన కుమారుని కథయందు తండ్రి కుమారుని దూరమున జూచి పరుగెత్తి కౌగిలించుకొనెనే గాని, ఎవ్వరినుండియు పరిహారము గోరలేదు. ఆ కథ రాయలవారికే సాక్ష్యమని మా యభిప్రాయము. అయినను లూథరు చిక్కు రాయలవారి మార్గమునను తప్పదు. పశ్చాత్తాపమే చాలునన్నచో, నాది నిజమైన పశ్చాత్తాపమేనా యను ప్రశ్న మఱల లేచును. తన దుఃఖమును తూచుకొనువాడు తనయందే చిక్కుకొనును. ఈ కథలోని కుమారుడు సిద్ధపఱచుకొనిన మాటలు ముగియకమునుపే తండ్రి వస్త్రములు దెమ్మనెను. ఇందు ధైర్యమునకాధారము కుమారుని కన్నీటి స్వచ్ఛత గాదు, తండ్రి స్వభావము. ఈ యొక్క విషయమున లూథరుతో నేకీభవించుటకు మాకు సంకోచము లేదు.

దైవక్షమచే మనుష్యుల ఋణము తీఱదు. సుంకరి జక్కయ్య యింటికి యేసు ముందుగా నతిథియై వెళ్లెను. పిమ్మటనే జక్కయ్య తన యాస్తిలో సగము బీదలకిచ్చెదననియు, అన్యాయముగ గొన్నదానికి నాలుగింతలు మఱల నిచ్చెదననియు బలికెను. భూములు, వడ్డీలు, వారసత్వములు గల మావంటివారు ఈ రెండవ భాగమును త్వరగా దాటిపోవుట గలదు.

లూథరు పౌలునందు తన వేదననే చదివెననియు, పౌలు మనస్సాక్షి అంత వ్యథితము గాదనియు 1963లో క్రిస్టర్ స్టెండాలను స్వీడను పండితుడు వాదించెను. ఆ వాదము విడువదగినది గాదు. 1547లో ట్రెంటు మహాసభ లూథరు సిద్ధాంతమును ఖండించెను. 1999 అక్టోబరు 31వ తేదిని ఆగ్స్‌బర్గునందు లూథరను సమాఖ్యయు రోమను కథోలిక సంఘమును ఈ విషయమున ముఖ్యసత్యములయం దేకాభిప్రాయమును ప్రకటించి సంతకములు చేసిరి.

లూథరునకు ఆ భీతి మఱల రాకపోలేదు. 1527లో దేహమును మనస్సును గ్రుంగిపోయి కొన్ని మాసములు మిక్కిలి బాధపడెను. గురువునొద్ద పాపము నొప్పుకొను నాచారమును అతడు నిర్బంధముగా వలదనెనే గాని తాను విడువలేదు. నీకు క్షమ గలదని యొక మనుష్యుని నోట వినుట అతనికి చివఱవఱకును కావలసియుండెను.