రహదారిపై బండ్లు నిలిచిపోయినపుడు

దసరా సెలవులు వచ్చినంతనే శాంతినగరమునుండియు, పద్మానగరమునుండియు మన కుటుంబములనేకము బతుకమ్మ పండుగకై కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతములందలి స్వగ్రామములకు బయలుదేరును. సాయంకాలము బస్సెక్కి, తెల్లవారునప్పటికి సోలాపురము దాటుదుమని పెద్దలు లెక్కవేసికొందురు. కాని ఊరి పొలిమేర దాటకుండగనే, అంజూరు ఫాటా వద్దనో మాన్‌కోలీ కూడలి వద్దనో రెండు గంటలు గడచిపోవుట మనకు క్రొత్త కాదు. బండ్లు ఎందుచేత నిలిచిపోవును? నిలిచినపుడు మనమేమి చేయవలెను?

మొదట మన ఊరి సంగతి చూతము. భివండి సాంచాల పట్టణము మాత్రమే కాదు, నేడు గిడ్డంగుల పట్టణము కూడ. నూలు తెచ్చు లారీలు, గుడ్డను కొనిపోవు టెంపోలు, గిడ్డంగులకు సరకు చేర్చు పెద్ద కంటెయినర్లు, ముంబయి–నాసిక్ రహదారిపై పోవు దూరప్రయాణపు బండ్లు అన్నియు ఇచ్చటనే కలిసికొనుచున్నవి. నాగపూరునుండి వచ్చు 701 కిలోమీటర్ల సమృద్ధి మహామార్గము 2025 జూన్ 5వ తేదీన పూర్తిగ తెరువబడినది. దాని కొస మన భివండి తాలూకాలోని ఆమనె గ్రామము వద్దనే యున్నది. వెడల్పైన కాలువలోని నీరు సన్నని తూమువద్దకు వచ్చినపుడు ఏమగునో పల్లెటూరి పిల్లలకు చెప్పనక్కరలేదు. వర్షకాలమున గుంతలు పడినచో ఆ తూము మరింత సన్నబడును.

అయితే గుంతయు, ప్రమాదమును, ఏదియు లేకుండ కూడ బండ్లు నిలిచిపోవుట కలదు. ఇది వింతగా తోచవచ్చును. జపాను దేశపు శాస్త్రజ్ఞులు 230 మీటర్ల చుట్టుకొలతగల వలయాకారపు బాటపై 22 కార్లను నిలిపి, అందరును గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో సమానముగ నడుపవలెనని చెప్పిరి. ఆ ప్రయోగఫలితములు 2008లో ప్రకటింపబడినవి. కొంతసేపటికి ఒకరు కొంచెము వేగము తగ్గించిరి. వెనుకనున్నవారు మరికొంచెము తగ్గించిరి. ఆ వెనుకవారు పూర్తిగ ఆగవలసివచ్చెను. ఆ ఆగుడు ఒక అలవలె గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగముతో వెనుకకు ప్రాకినది. కార్లు ముందుకు, అల వెనుకకు! కావున ముందు బండికిని మన బండికిని నడుమ తగినంత ఎడముంచి నిదానముగ నడుపువాడు ఆ అలను అణచినవాడగును. సందు దొరికినచోటనెల్ల దూరువాడు దానిని పెంచినవాడగును. హారను మ్రోగించుటచేత ముందు బండి అంగుళమైనను కదలదు. ఈ సంగతి మన డ్రైవర్లకెవరు చెప్పుదురో!

2010 ఆగస్టులో చైనాలో బీజింగ్–టిబెట్ రహదారిపై సుమారు 100 కిలోమీటర్ల పొడవున బండ్లు నిలిచి, పది దినములకు పైగా బాధపెట్టినవి. సమీప గ్రామస్థులు నీటిని, సేమియాలను అనేక రెట్ల ధరకు అమ్మిరి. 2022 జనవరిలో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున మంచుచే దాదాపు ఒక పూర్తి దినము జనులు రహదారిపై చిక్కుకొనిరి. అచ్చట రొట్టెల లారీ యొకటి ఆగియుండగా, ఆకలిగొన్నవారి కోరికపై యజమానులు సమ్మతింపగా, రొట్టెలను ఉచితముగ పంచిరి. 2016 జూలైలో ఇండొనీషియా దేశపు జావా ద్వీపమున రంజాను పండుగకై ఊళ్ళకు పోవువారు బ్రెబెస్ అనుచోట దినములకొలది నిలిచిపోయిరి. పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారును మనవలెనే పండుగకు ఇంటికి పోవుచుండిరి.

కనుక ప్రయాణమునకు ముందు మూటలో ఏమి యుండవలెను? మనిషికి రెండు లీటర్ల నీరు వేరుగ నుంచుకొనవలెను. పెరుగన్నము ఎండకు త్వరగ పులియును. సకినాలు, జొన్నరొట్టె, అటుకులు, పల్లీపట్టీలు మేలు. చక్కెరవ్యాధి కలవారి మందులు, బిస్కెట్లు, చంటిపిల్లల పాలు బస్సు పైకప్పుమీది పెట్టెలో కాక చేతిసంచిలోనే యుండవలెను. టెలిఫోనును నిండుగ చార్జి చేసికొని, ముఖ్యమైన నంబర్లను కాగితముపై కూడ వ్రాసికొనుడు. సొంత బండిలో పోవువారు ఫాస్టాగ్‌లో సొమ్మున్నదో లేదో బయలుదేరక మునుపే చూచుకొనవలెను. ఇది 2021 ఫిబ్రవరినుండి జాతీయ రహదారులపై తప్పనిసరి. సంక్రాంతి వేళ హైదరాబాదు–విజయవాడ మార్గమునందలి పంతంగి టోల్‌గేటు వద్ద బారులుతీరు బండ్లను చూచినవారికి దీని విలువ తెలియును.

తల్లులకొక మాట. దారిలో మరుగు దొరకదను భయముచే ఆడపిల్లలు నీరు త్రాగుట మానివేయుదురు. ఎండవేళ ఇది ప్రమాదకరము. తలనొప్పియు, సొమ్మసిల్లుటయు కలుగును. బోరు ఘాటు ఎక్కక ముందే బస్సు నాపుమని డ్రైవరును అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. దిగవలసివచ్చినచో ఇద్దరు ముగ్గురు కలిసి దిగవలెను. రహదారిని దాటి ఆవలివైపునకు పోరాదు.

కారులో చిక్కుకొన్నవారు అద్దములన్నియు బిగించి ఇంజనును నడుపుచు నిద్రపోరాదు. 2022 జనవరిలో పాకిస్తానులోని మర్రీ కొండలపై మంచులో కార్లు కూరుకొనిపోయి ఇరువదిమందికి పైగా మరణించిరి. పొగగొట్టము మూసికొనిపోయినపుడు కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు.

జాతీయ రహదారిపై సహాయమునకు 1033, అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనను 112. అంబులెన్సుకు దారి ఇయ్యనివారికి 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము ప్రకారము పదివేల రూపాయల వరకు జుల్మానా కలదు. జర్మనీలో రహదారిపై బండ్లు నెమ్మదించినంతనే ఎడమ వరుసవారు ఎడమకును, తక్కినవారు కుడికిని జరిగి నడుమ దారి వదలవలెనని నియమము. మన ఊరి గర్భిణులును, రోగులును ఠాణే ఆసుపత్రులకు కశేళి వంతెన మీదుగనో మాన్‌కోలీ మీదుగనో పోవలసినవారే. దారి వదలదలచినవారు బండ్లు ఇంకను మెల్లగ కదలుచుండగనే ప్రక్కకు తీయవలెను. ఒకదానికొకటి తగిలి పూర్తిగ నిలిచిన పిమ్మట చక్రము త్రిప్పుటకైనను చోటుండదు.