తాబేటి డిప్పకు ఎండ కావాలి

మీలో కొందరి ఇళ్ళలో గాజుతొట్టెలో ఈదే చిన్న ఆకుపచ్చ తాబేలు ఉండే ఉంటుంది. దాని కళ్ళ వెనుక ఎర్రని పట్టీ కనిపిస్తే అది ‘ఎర్రచెవి తాబేలు’. ఉత్తర అమెరికాలోని మిసిసిపీ నదీ లోయ దాని పుట్టిల్లు. కొన్ననాడు రూపాయి బిళ్ళకంటె కాస్త పెద్దదిగా, చురుకుగా ఉంటుంది. కొన్ని నెలలు గడిచేసరికి చాలా ఇళ్ళలో అది తిండి మాని, ఒక మూల కదలక పడి ఉంటుంది. గట్టిపడవలసిన డిప్ప వేలితో నొక్కితే అట్టముక్కలా లొంగుతుంది. “ఏదో జబ్బు చేసింది” అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. ఆ జబ్బు ఎందుకు వస్తుందో, రాకుండా ఏం చేయాలో తెలుసుకుందాం.

డిప్ప అంటే ఎముకే

తాబేలు డిప్పను విడిచి బయటికి రాగలదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. మన వెన్నెముకను వదిలి మనం బయటికి రాగలమా? తాబేలులో వెన్నెముక, పక్కటెముకలు వెడల్పై, మరికొన్ని ఎముకలతో అతుక్కుని, సుమారు 50 ఎముకల పెట్టెగా తయారవుతాయి. దానిపైన కెరాటిన్ పలకలు కప్పి ఉంటాయి. మన గోళ్ళలో ఉన్నదీ ఈ కెరాటినే. డిప్పకు స్పర్శ తెలుస్తుంది. కాబట్టి దానిపై రంగులు పూయడం, రంధ్రం చేసి తాడు కట్టడం క్రూరమైన పనులు.

ఒక చిన్న ప్రయోగం చేయండి. శుభ్రం చేసిన కోడికాలి ఎముకను వెనిగర్‌లో వారం రోజులు ఉంచండి. మధ్యలో ఒకసారి వెనిగర్ మార్చండి. తీసి చూస్తే ఎముక రబ్బరులా వంగుతుంది. దానిలోని కాల్షియం లవణాలు ఆమ్లంలో కరిగిపోయాయి. తాబేటి డిప్పలో ఆమ్లం లేదు గాని, కాల్షియం తగ్గితే జరిగేది ఇలాంటిదే.

ఎండ చేసే పని

తిన్న ఆహారంలోని కాల్షియం పేగులనుంచి రక్తంలోకి చేరాలంటే డి విటమిన్ కావాలి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలలో ‘బి’ రకంవి చర్మంపై పడినప్పుడు ఆ విటమిన్ తయారవుతుంది. ఎండ లేకపోతే విటమిన్ తగ్గుతుంది, కాల్షియం రక్తంలోకి సరిగా చేరదు. గుండె, కండరాలు పనిచేయడానికి కాల్షియం తప్పనిసరి కనుక, శరీరం దానిని తన ఎముకల్లోనుంచే తీసుకుంటుంది. డిప్ప మెత్తబడుతుంది. పిల్లలకు వచ్చే రికెట్స్ వ్యాధికీ మూలం ఇదే.

“మా తొట్టె కిటికీ పక్కనే ఉంది, ఎండ పడుతుంది” అంటారా? కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది గాని ఈ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కనుక ఉదయంపూట వెడల్పాటి తొట్టిలో కొద్దిగా నీళ్ళు పోసి, తాబేలును అరగంటసేపు ఆరుబయట ఉంచండి. తొట్టిలో సగం నీడ ఉండాలి. తాబేలు శీతలరక్త జంతువు. వేడెక్కితే తనంతట తాను చల్లబడలేదు, నీడలోకి వెళ్ళాలి. కాకులు, కుక్కలు రాకుండా దగ్గరే ఉండండి. గాజుతొట్టెను మాత్రం ఎండలో పెట్టకండి, నీళ్ళు త్వరగా వేడెక్కి తాబేలు చనిపోతుంది. ఎండ రాని ఇళ్ళలో ఈ కిరణాలనిచ్చే ప్రత్యేక దీపం వాడాలి. మామూలు బల్బు వేడిని ఇస్తుంది గాని ఈ కిరణాలను ఇవ్వదు.

తిండి, నీరు

మాంసం ముక్కలు మాత్రమే పెడితే ఫాస్ఫరస్ ఎక్కువై, కాల్షియం చాలదు. ముల్లుతో సహా చిన్న చేపలు, వానపాములు, క్యారెట్ తురుము, గుమ్మడి ముక్కలు, చెరువులో పెరిగే నాచుమొక్కలు మార్చి మార్చి పెట్టండి. పాలకూర తగ్గించండి, దానిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంను అందకుండా చేస్తుంది. మూలికల దుకాణాల్లో దొరికే ‘సముద్రపు నురుగు’ ముక్కను నీటిలో వేస్తే తాబేలు కొరుక్కుంటుంది. అది నిజానికి ఒక సముద్రజీవి లోపలి గుల్ల, కాల్షియం గని.

తాబేలు నీటిలోనే మింగగలదు, ఆ నీటిలోనే విసర్జిస్తుంది. దానివల్ల పుట్టే అమ్మోనియా కళ్ళను, చర్మాన్ని మండిస్తుంది. నీరు ధారాళంగా ఉండాలి. డిప్ప పొడవు ఒక సెంటీమీటరుకు 15 లీటర్ల చొప్పున లెక్కకట్టండి. 10 సెంటీమీటర్ల తాబేలుకు 150 లీటర్లు కావాలి. ఆడ తాబేలు 25 సెంటీమీటర్లు దాటి పెరగగలదు, దానికెంతో మీరే లెక్కించండి! కుళాయి నీటిని ఒకరోజు నిలవ ఉంచి, క్లోరిన్ పోయాక వాడండి. ఎక్కి ఒళ్ళు పూర్తిగా ఆరబెట్టుకోవడానికి ఒక రాతి గట్టు తప్పక ఉండాలి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకండి: ఉబ్బిన కళ్ళు ఎ విటమిన్ లోపానికి గుర్తు కావచ్చు. ఒక పక్కకు ఒరిగి తేలడం, నోరు తెరిచి శ్వాసించడం, ముక్కునుంచి బుడగలు రావడం ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు. పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి.

మరి కొన్ని జాగ్రత్తలు

ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటిమీద కూడా సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు. పసిపిల్లలు జబ్బుపడుతున్నందున అమెరికాలో 4 అంగుళాలకంటె చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని 1975లో నిషేధించారు. తాబేలును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. తొట్టెను వంటింట్లో కడగవద్దు.

మన చెరువుల్లోని తాబేళ్ళను, నక్షత్ర తాబేళ్ళను పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అలాంటివి మీ దగ్గరుంటే అటవీశాఖకు అప్పగించండి. విసుగు పుట్టిందని ఎర్రచెవి తాబేలును చెరువులో వదలడం కూడా తప్పే. ప్రపంచంలో అత్యంత హానిచేసే 100 దురాక్రమణ జీవుల జాబితాలో అది ఉంది. మన తాబేళ్ళ తిండిని, ఎండకాగే చోటును ఆక్రమిస్తుంది.

సరైన సంరక్షణ ఉంటే అది 20, 30 ఏళ్ళు బతుకుతుంది. ఇప్పుడు 8వ తరగతిలో ఉన్న మీరు ఉద్యోగంలో చేరినా అది మీ ఇంట్లోనే ఉంటుంది. అంతకాలం చూసుకోగలమా అని కొనేముందే ఇంట్లో అందరూ ఆలోచించుకోవాలి. ఇప్పటికే ఉంటే, ఒక నోటుపుస్తకంలో వారానికొకసారి డిప్ప పొడవు, తిన్న తిండి, ఎండలో ఉంచిన సమయం రాసుకోండి. మొదటి వారమే మీకు తెలిసిపోతుంది, దానికి ఎండ ఎంత తక్కువ దొరుకుతున్నదో!