వెన్ను వంకరకు వ్యాయామ చికిత్స: ఆరోగ్య ప్రశ్నోత్తరములు

ప్రశ్న: మా అమ్మాయికి పండ్రెండవ యేడు నడచుచున్నది. ఇంకను పెద్దమనిషి కాలేదు. తలంటు పోయుచు, కుడి రెక్కయెముక ఎడమదానికంటె పైకి పొడుచుకొని వచ్చుట గమనించి, ఎముకల డాక్టరుగారికి చూపితిమి. ఎక్స్‌రేలో వెన్నెముక 22 డిగ్రీలు ప్రక్కకు వంగినట్లు తేలినది. వ్యాయామము చేయించుచు నాలుగు మాసముల పిమ్మట మరల రమ్మనిరి. పుస్తకాల సంచి బరువువలన వచ్చినదని మా అత్తగారందురు. యోగాసనములతో పూర్తిగా తిన్నన యగునని పొరుగువారందురు. వ్యాయామముతో వంకర నిజముగా పోవునా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ యుత్తరము నిండ ఏదో తప్పు చేసితినన్న భయము కనబడుచున్నది, ముందుగా దానిని విడువుడు. సంచి బరువు నడుమునొప్పి కలిగింపవచ్చును గాని, ఇట్టి వక్రతను కలిగింపజాలదు. కూర్చుండు తీరుగాని, తిండిగాని, మీ అశ్రద్ధగాని దీనికి హేతువులు కావు. స్కోలియోసిస్ అని వైద్యులు పిలుచు ఈ పార్శ్వవక్రత పిల్లలలో కనబడినపుడు, నూటికి ఎనుబదిమంది విషయమున ఇదియే కారణమని శాస్త్రము నేటికిని నిర్ణయింపలేదు. వంశమునుబట్టి వచ్చు మొగ్గు కొంత కలదు గనుక, చెల్లెలో తమ్ముడో ఉన్నయెడల వారి వీపునుకూడ ఒకమారు చూడుడు. పాదములు చేర్చి, మోకాళ్లు వంచక, రెండరచేతులు జోడించి నేలవైపు వంగుమని చెప్పి వెనుకనుండి చూచినచో, వక్రత గలవారి వీపున ఒకవైపు ప్రక్కటెముకలు రెండవవైపుకంటె ఎత్తుగా లేచి కనబడును. 1865లో లండనులోని విలియం ఆడమ్స్ అను శస్త్రవైద్యుడు వర్ణించిన ఈ పరీక్షను మించిన సులభోపాయము ఇంటివారికి నేటికిని లేదు.

ఆ యెత్తు ఎందువలన వచ్చునో తెలిసికొన్నగాని వ్యాయామము సంగతి బోధపడదు. వెన్నుపూసలు ప్రక్కకు ఒరగుటతో ఆగక, తమచుట్టు తాము కొంత తిరుగును. వాటినంటియున్న ప్రక్కటెముకలు ఒకవైపు వెనుకకు పొంగి, రెండవవైపు లోనికి అణగును. ఈ వికారమును ప్రక్కకు లాగుటచేతనో, వీపు మర్దించుటచేతనో, బలవంతముగా విరుచుటచేతనో సరిదిద్దబూనుట వ్యర్థము. విరుపులు ప్రమాదకరములు కూడ.

దీనికి సరియైన మార్గమును కనుగొన్నది వైద్యురాలు కాదు, రోగి. జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున 1894లో జన్మించిన కాథరీనా ష్రోట్, తనకే వెన్ను వంకర యుండుటచేత కౌమారమున ఉక్కు బ్రేసు (వెన్నును నిలుపు కవచము) ధరించి బాధపడి, సొట్టపడిన రబ్బరుబంతి లోనికి గాలి నిండినకొలది పైకి ఉబ్బుట చూచి, అణగిన ప్రక్కటెముకల లోనికి శ్వాసను పంపినచో అవియు పైకి రావా యని తలపోసినది. అద్దము ముందు నిలిచి తన దేహముపైననే అభ్యసించి, 1921లో మైసెన్ పట్టణమున చికిత్సాలయము నెలకొల్పినది. నేడు లోకమంతట ఫిజియోథెరపీ నిపుణులు నేర్పు పద్ధతులలో ఆమె పేర వెలసినది సుప్రసిద్ధము. నడుమునుండి శిరస్సువరకు వెన్నును నిడుపుగా సాచుట, తిరిగిన భాగమును ఎదురుదిశకు మరల్చుట, అణగినవైపునకు శ్వాస నింపుట, ఆ స్థితిని నిలిపి చుట్టునున్న కండరములను బిగించుట అనునవి అందలి ప్రధానాంగములు. ఆ నిలుకడను పాఠము వ్రాయునపుడును, బస్సుకొరకు నిలిచియున్నపుడును మరువకుండుటయే అసలు సాధన.

ఇక మీ ప్రశ్నకు సూటిగా బదులు చెప్పెదను. వంకర పూర్తిగా మాయమగునని నేను మాట ఇయ్యజాలను, ఇచ్చువారిని నమ్మకుడు. 2016లో ప్రకటింపబడిన కెనడా దేశపు పరిశీలనములో 50 మంది పిల్లలను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు ఆరు మాసములు ఈ వ్యాయామము నేర్పగా, వారి వంకర రెండవ వర్గమువారికంటె మూడున్నర డిగ్రీల మేర మెరుగుగా నిలిచినది. ఎక్స్‌రే కొలతలోనే 5 డిగ్రీల వరకు తేడా వచ్చుట పరిపాటి గనుక, ఇది అద్భుతమేమియు కాదు. కాని వక్రత హెచ్చవలసిన వయస్సున హెచ్చకుండుటయే లాభమని గ్రహింపుడు. 1984లో అమెరికాలో వెలువడిన ఒక గణన ప్రకారము, 20 మొదలు 29 డిగ్రీల వంకరతో, ఎముకల యెదుగుదల ఇంకను ముందున్న పిల్లలలో నూటికి 68 మందికి అది హెచ్చినది. ఎదుగుదల చాలవరకు ముగిసినవారిలో 23 మందికే హెచ్చినది. మీ అమ్మాయి మొదటి తెగకు చెందినది. రజస్వల కాకముందు ఒక యేడాదియు, తరువాత సుమారు రెండేండ్లును ఎదుగు కాలము. ఆ కాలమునే మనము కాపాడుకొనవలెను.

కనుక ఈ పద్ధతిలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టును వెదకి, ఎక్స్‌రే చూపి, మీ అమ్మాయికి తగిన వ్యాయామములు నేర్పించి, దినదినము అరగంట మీరు దగ్గరనుండి చేయింపుడు. కుడివైపు వంకరకు హితమైనది ఎడమవైపు వంకరకు అహితము కావచ్చును. ఫోనులో వీడియోలు చూచి చేయించుట అందుచేతనే తగదు. యోగాసనములు ఒడలికి మేలు చేయును గాని వంకరకు అవి చికిత్స కావు. వెన్నును మిక్కిలి వెనుకకు విరుచు ఆసనములను నిపుణుని అడుగక వేయింపరాదు. ఈతయు అంతే, ఆరోగ్యమేగాని ఔషధము కాదు. కూచిపూడి నేర్చుచున్నచో మాన్పింపకుడు, ఆటలు మాన్పింపకుడు. వ్యాయామమునకు తోడు నాలుగు మాసముల గడువును ఎట్టి పరిస్థితిలోను దాటనీయకుడు. వంకర 25 డిగ్రీలు దాటినచో బ్రేసు మాట వచ్చును. ఎక్స్‌రేను వెనుకనుండి తీయుమని అడుగుడు. వక్షస్థలమునకు సోకు కిరణములు తగ్గును. నిద్రనుండి మేల్కొలుపు నొప్పి, కాళ్లలో బలహీనత, తిమ్మిరి, మూత్రముపై అదుపు తప్పుట వంటివి కనబడినచో గడువుకొరకు వేచియుండక వెంటనే వైద్యుని చూడవలెను.

ప్రశ్న: నాకు పదుమూడేండ్లు. వంకర 31 డిగ్రీలు. దినమునకు 18 గంటలు ప్లాస్టిక్ బ్రేసు ధరింపుమనిరి. ఎండలకు చెమట పోయుచున్నది. బడిలో అందరు చూచుచున్నారు. రెండింతలు వ్యాయామము చేసి బ్రేసు మానవచ్చునా?
— ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరము

జవాబు: అమ్మాయీ, నీ కష్టము నాకు తెలియును, గోదావరి తీరపు వేసవిలో ఆ కవచము మోయుట పెద్దలకును కఠినమే. అయినను మానుమని చెప్పలేను. 2013లో అమెరికా, కెనడాల వైద్యులు ప్రకటించిన పరిశీలనములో, బ్రేసు ధరించినవారిలో నూటికి 72 మందికి ఎదుగుదల ముగియువరకు వంకర శస్త్రచికిత్స కోరు 50 డిగ్రీల మేరకు చేరలేదు. ధరింపనివారిలో 48 మందికే ఆ మేలు దక్కినది. దినమునకు సగటున 13 గంటలకు తక్కువ కాకుండ ధరించినవారిలో ఇంచుమించు నూటికి తొంబదిమందికి ఫలించినది. వ్యాయామమునకు ఒంటరిగా ఇంత బలమున్నదని ఎవ్వరును నిరూపింపలేదు. నీ వయస్సున, నీ వంకరకు, రెండును కలిసియే పనిచేయవలెను. బ్రేసు వెన్నును నిలుపును, వ్యాయామము బ్రేసులోని కండరములు సడలకుండ కాపాడును.

లోపల కుట్లులేని నూలు బనియను తొడిగి, చెమట పట్టినపుడెల్ల మార్చుము. బ్రేసు క్రింద పౌడరు, లేపనములు పూయవలదు. విప్పిన అరగంటకును ఎరుపు తగ్గకున్నచో చూపి సరిచేయించుకొనుము. స్నానమునకు, ఆటలకు తీసివేయవచ్చును. బడి గంటలలో కొన్ని తగ్గించి, సాయంత్రము, రాత్రులలో పూరించుటకు వీలగునేమో మీ డాక్టరుగారిని నీవే అడుగుము, అడుగుటకు సిగ్గుపడకుము.

ప్రశ్న: నాకు ఇరువదియారేండ్లు. కంప్యూటరు ముందు ఉద్యోగము. 34 డిగ్రీల వంకర. సాయంకాలమునకు నడుము నొప్పి. పెండ్లి మాటలు సాగుచున్నవి. వంకర సంగతి దాచుమని బంధువులందురు. కాన్పు కష్టమగునా?
— ఒక సోదరి, విశాఖపట్టణము

జవాబు: ఎదుగుదల ముగిసిన పిదప 30 డిగ్రీలలోపు వంకర సాధారణముగా పెరుగదు, 50 దాటినదే ఏటికి ఒక డిగ్రీ చొప్పున పెరుగుచుండును. మీది మధ్యది, కొన్నేండ్లకొకమారు ఎక్స్‌రే చాలును. అమెరికాలోని అయోవా వైద్యులు చికిత్స పొందనివారిని ఏబదేండ్లు కనిపెట్టి 2003లో ప్రకటించిన ఫలితము ధైర్యమునిచ్చునది: వెన్నునొప్పి ఇతరులకంటె ఎక్కువయే యైనను, వారు ఉద్యోగములు, సంసారములు చక్కగా నడుపుకొనిరి. గర్భధారణకును, కాన్పునకును ఇంతమాత్రపు వక్రత ఆటంకము కాదు; వెన్నులో మత్తుసూది వేయవలసి రావచ్చును గనుక ఆ వైద్యునికి ముందుగా తెలుపుడు. నొప్పికి మందుబిళ్లలకంటె, వెన్నుకు ఆనుకొనియున్న కండరముల బలము పెంచు వ్యాయామము, ముప్పావుగంటకొకమారు లేచి నడచుట మేలు.

దాచు సంగతి వైద్యునిది కాకపోయినను చెప్పెదను: దాచకుడు. వంకరను చూచి వెనుదిరుగు సంబంధము మీకు తగినది కాదు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ పాఠశాలలో వ్యాయామోపాధ్యాయురాలను. మా పిల్లలను పరీక్షించుటకు వీలగునా?
— ఒక ఉపాధ్యాయిని, కరీంనగరము

జవాబు: తప్పక వీలగును. ఆడపిల్లలను పదవ యేట ఒకమారు, పండ్రెండవ యేట ఒకమారు, మగపిల్లలను పదుమూడు, పదునాలుగేండ్ల నడుమ ఒకమారు పరీక్షింపవలెనని అమెరికా వైద్యసంఘములు సూచించియున్నవి. పైన తెలిపిన వంగు పరీక్షకు పిల్లకు ఒక నిమిషము పట్టదు. ఆడపిల్లలను మీరే, తలుపు వేసిన గదిలో, ఒక్కొక్కరినే చూడుడు. ఎవరి పేరును తరగతిలో పలుకకుడు. అనుమానము తోచినచో తల్లిదండ్రులను పిలిపించి, ఇది భయపడవలసినది కాదనియు, ఆలస్యము చేయరానిదనియు నచ్చజెప్పి, ఎముకల వైద్యుని యొద్దకు పంపుడు. ఈ లేఖ చదువు ఇతరోపాధ్యాయులును తమ బడులలో ఈ యేడే దీనిని ఆరంభింపుడని ప్రార్థించుచున్నాను.