సిస్టరు మీ పేరు మళ్లీ అడిగితే...

3 ఏళ్ల జి.ఎన్.ఎం. కోర్సు ముగించి వార్డులో అడుగుపెట్టిన మొదటి నెలలను మాలో ఎవరమూ మరచిపోలేదు. చదువుకునేటప్పుడు పక్కనే ట్యూటర్ ఉండేవారు. నైట్ డ్యూటీలో వార్డంతా మన బాధ్యతే. ఈ తడబాటుకు అమెరికా నర్సు మార్లీన్ క్రామర్ 1974లో రాసిన పుస్తకంలో 'రియాలిటీ షాక్' అని పేరు పెట్టారు.

ఒక రాత్రి పక్కపక్క మంచాల మీద ఇద్దరు లక్ష్మమ్మలు. ఇన్సులిన్ ఒకరికే. సిరంజితో నిలబడిన మాలోని కొత్త సిస్టరు ఇంటిపేరు అడిగింది. "ఇందాకే చెప్పాను కదమ్మా!" అని ఆ పెద్దమ్మ విసుక్కున్నా, పేరు చెప్పింది. ఇన్సులిన్ ఆమెది కాదు. వేసి ఉంటే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వచ్చేది.

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. ఈ ఐదూ ప్రతిసారీ చూసుకోవాలని మాకు నేర్పుతారు. అనుమానం వస్తే సీనియర్‌ను అడగాలి. అడగడానికి సిగ్గుపడితేనే పొరపాటు జరిగేది.

కాబట్టి మీరు కూడా సహాయం చేయండి. పేరు, ఇంటిపేరు పూర్తిగా చెప్పండి. పడని మందులుంటే ముందే చెప్పండి. "ఈ పిల్లకేమీ తెలియదు" అనుకోకండి. మళ్లీ అడుగుతోందంటే మీ గురించి జాగ్రత్త పడుతోందన్నమాట.