గామా రాసేముందు ఘటనలు రాయండి

బీఎస్సీ ఫిజిక్స్ చదువుతూ ఐఐటీ జామ్‌కో, ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌కో సిద్ధమయ్యేవాళ్లు విశిష్ట సాపేక్షత దగ్గర మార్కులు పోగొట్టుకుంటుంటే బాధేస్తుంది. ఇందులో గణితం అంత తేలిక మరి. ఇంటర్ లెక్కలు బాగా వచ్చినవాళ్లు హాయిగా చేయగలరు. తప్పు జరిగేది ప్రశ్న చదివిన మొదటి నిమిషంలోనే. వేగం కనిపించగానే గామా విలువ కట్టేసి, కాలాన్ని దానితో గుణించాలా భాగించాలా అని తడుముకోవడం మొదలవుతుంది.

ఈ లెక్క చూడండి. నేల మీద 300 మీటర్ల దూరంలో ఉన్న రెండు దీపాలు, నేల మీది గడియారాల ప్రకారం ఒకేసారి వెలిగాయి. కాంతి వేగంలో 0.6 వంతు వేగంతో ఆ దారినే పోతున్న రైలులోని వాళ్లకు వాటి మధ్య ఎంత కాలం తేడా? కాల వ్యాకోచం ఫార్ములా పట్టుకుంటే సున్నాను 1.25తో గుణించి సున్నా అంటారు. సరైన జవాబు 0.75 మైక్రోసెకన్లు. పైగా రైలు వెళ్లే దిక్కున ముందున్న దీపమే మొదట వెలుగుతుంది. కాల వ్యాకోచం ఫార్ములా చెల్లాలంటే రెండు ఘటనలూ ఏదో ఒక చట్రంలో (రిఫరెన్స్ ఫ్రేమ్‌లో) ఒకే చోట జరగాలి. ఇక్కడ అలా జరగలేదు కాబట్టి లోరెంజ్ పరివర్తన సమీకరణాలు పూర్తిగా వాడాల్సిందే.

అందుకే కాగితం మీద మొదట ఘటనలు రాయండి. ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి కొలతలో? రెండు ఘటనలకూ, రెండు చట్రాలకూ స్థానం, కాలం గళ్లు గీసి తెలిసినవి నింపండి. ఖాళీగా మిగిలిన గడే మీరు కట్టాల్సిన లెక్క. ప్రశ్నలో ‘ఫలానావాడి దృష్టిలో’ అన్న మాట ఎక్కడుందో వెతికి దాని కింద గీత గీయండి. ఈ అలవాటు పడ్డాక గామాతో గుణించాలా భాగించాలా అన్న సందేహం దానంతటదే పోతుంది.

రెండో అలవాటు, ఒకే లెక్కను రెండు చట్రాల్లోనూ చేయడం. మ్యూయాన్ లెక్క దీనికి బాగా పనికొస్తుంది. విశ్రాంతిలో ఉన్న మ్యూయాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. కాంతి వేగంలో 0.995 వంతు వేగంతో 15 కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగడానికి మన గడియారంలో సుమారు 50 మైక్రోసెకన్లు పడుతుంది. సాపేక్షతను పక్కన పెడితే కోటి మ్యూయాన్లలో ఒక్కటి కూడా నేలకు చేరదు. గామా ఇక్కడ దాదాపు 10. అంటే మ్యూయాన్ గడియారంలో గడిచేది 5 మైక్రోసెకన్లే. ఆ లెక్కన పదింట ఒక వంతు నేలకు చేరాలి. ఇప్పుడు మ్యూయాన్ పక్కన నిలబడి చూడండి. దాని ఆయుష్షు ఏమీ పెరగలేదు, వాతావరణం మందమే 1.5 కిలోమీటర్లకు కుదించుకుపోయింది. చేరే వంతు మాత్రం మారదు. రెండు జవాబులూ కలవకపోతే ఎక్కడో ఘటన తప్పుగా రాశారన్నమాట. సమాధానాల పేజీ తిప్పకుండా తప్పు పట్టుకోగలగడం ముందుముందు పరిశోధనకు వెళ్లేవారికి పెద్ద బలం.

జామ్‌లో ఆప్షన్లు లేకుండా సంఖ్య మాత్రమే రాయాల్సిన ప్రశ్నలు 20 ఉంటాయి. వాటిలో ఊహించి గుర్తు పెట్టే అవకాశం లేదు కాబట్టి ఈ సరిచూసుకోవడమే దిక్కు. వేగం బాగా తగ్గిస్తే న్యూటన్ జవాబు రావాలి. వేగాల సంకలనంలో జవాబు కాంతి వేగం దాటకూడదు. ఈ రెండూ చూడటానికి అర నిమిషం చాలు.

పుస్తకాల విషయానికొస్తే, రెస్నిక్‌తో మొదలుపెట్టి టేలర్, వీలర్ రాసిన ‘స్పేస్‌టైమ్ ఫిజిక్స్’కు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. రెండోది ప్రతి సమస్యనూ ఘటనలతోనే ఆలోచింపజేస్తుంది.

నావిగేషన్ ఉపగ్రహాల గడియారాలతో పనిచేయాలనుకున్నా ఈ లెక్కలు తప్పవు. జీపీఎస్ ఉపగ్రహం వేగం వల్ల దాని గడియారం రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. గురుత్వం తగ్గడం వల్ల 45 ముందుకు జరుగుతుంది. అది సాధారణ సాపేక్షత సంగతి. రెండూ కలిపి సరిచేయకపోతే మ్యాప్‌లో మీరున్న చోటే తప్పుతుంది.

కణ భౌతికం మీద మనసున్నవాళ్లు శక్తి, ద్రవ్యవేగం లెక్కల మీద ఎక్కువ కాలం పెట్టండి. నిశ్చలంగా ఉన్న ప్రోటాన్‌ను మరో ప్రోటాన్‌తో కొట్టి ఆంటీప్రోటాన్ పుట్టించాలంటే కనీసం ఎంత గతిశక్తి కావాలి? కొట్టాక మిగిలేవి మూడు ప్రోటాన్లు, ఒక ఆంటీప్రోటాన్. చట్రం మారినా మారని రాశిని, అంటే మొత్తం శక్తి వర్గంలోంచి, ద్రవ్యవేగాన్ని కాంతి వేగంతో గుణించి వర్గం చేసి తీసేస్తే వచ్చేదాన్ని, ఢీకొనక ముందు ప్రయోగశాల చట్రంలోనూ తర్వాత ద్రవ్యవేగం సున్నా అయ్యే చట్రంలోనూ కట్టి సమానం చేయండి. ప్రోటాన్ విశ్రాంతి శక్తికి 6 రెట్లు, అంటే సుమారు 5.6 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు రావాలి. బెర్క్లీలోని బెవట్రాన్ యంత్రాన్ని ఈ హద్దు దాటేలా కట్టారు, 1955లో అక్కడే సెగ్రే, చాంబర్లేన్ బృందానికి ఆంటీప్రోటాన్ దొరికింది. నాలుగు వరుసల లెక్క ఇది. పుస్తకం మూసి, 6 ఎలా వస్తుందో మీరే కట్టి చూడండి.