కొత్త కంప్యూటరు కొనాలా?

మండలాఫీసుకు ఎదురుగా ఒక చిన్న గది ఉంది. అది ఒక మహిళా సంఘం వాళ్లది. గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రెండు కుర్చీలు ఉన్నాయి. 2019లో సంఘం వాళ్లు పొదుపు డబ్బు పెట్టి ఆ కంప్యూటరు కొన్నారు. అక్కడ జనానికి దరఖాస్తులు నింపిపెడతారు. కాగితాలు ప్రింటు తీసిస్తారు. సంఘం లెక్కలన్నీ కూడా అందులోనే ఉన్నాయి. సంఘంలో ఒకామె కోడలు దాని దగ్గర కూర్చుని పనిచేస్తుంది.

కొన్నాళ్లుగా ఆ కంప్యూటరు మొరాయిస్తోంది. పొద్దున్నే స్విచ్చి వేస్తే, పనిలోకి రావడానికి పది నిమిషాలు పడుతోంది. వచ్చినవాళ్లు నిలబడి నిలబడి పక్క షాపుకు పోతున్నారు. ఆదాయం సగానికి పడిపోయింది. గది అద్దె మాత్రం ఆగదు కదా!

టౌను నుంచి ఒక షాపతను వచ్చి చూశాడు.

"ఇది ముసలిదైపోయిందమ్మా. ఇక పనికిరాదు. కొత్తది నలభై ఐదు వేలవుతుంది. పాతది మూడు వేలకు నేనే తీసుకుంటాను" అన్నాడు.

ఆ రాత్రి సంఘం మీటింగు జరిగింది.

"నలభై ఐదు వేలంటే మన పొదుపంతా ఊడ్చుకుపోతుంది" అంది లీడరు.

"ఊడ్చుకుపోనీ అత్తా. రోజూ జనంతో మాటలు పడలేకపోతున్నా" అంది కోడలు.

అందరిలోకీ పెద్దామె అప్పటిదాకా వింటూ కూర్చుంది. ఆమె చదువు నేర్చుకుని నాలుగేళ్లే అయింది.

"ఇంతకీ ఏది పాడైందో అతను చెప్పాడా?" అని అడిగింది.

ఎవరూ మాట్లాడలేదు.

"మిక్సీ తిరగకపోతే బుష్ పోయిందా, వైరు పోయిందా అని అడుగుతాం. మిక్సీనే పారేస్తామా? దీన్నీ అట్లాగే అడుగుదాం" అంది.

అక్కల్లారా, ఆమె అడిగింది సరైన ప్రశ్న. ఆ పెట్టెలో ఏముంటుందో మనమూ చూద్దాం.

కంప్యూటరు పెట్టె ఒక వంటిల్లు అనుకోండి. అందులో వంట చేసే మనిషి ప్రాసెసరు. ముందున్న వంటగట్టు ర్యామ్. సామాను దాచే అటక హార్డ్ డిస్కు. గట్టు ఇరుకుగా ఉంటే ఏమవుతుంది? ఒక గిన్నె దించితే గానీ ఇంకో గిన్నె పెట్టలేం. ప్రతిదానికీ అటకెక్కి దిగాలి. హార్డ్ డిస్కులో ఒక పళ్లెం గిరగిరా తిరుగుతూ ఉంటుంది. దాని మీద కావలసినదాన్ని ఒక ముల్లు వెతికి తేవాలి. అందుకే ఆలస్యం. ఇప్పుడు దాని బదులు ఎస్.ఎస్.డి. అనేది వస్తోంది. అందులో తిరిగేది ఏమీ ఉండదు. అటక మీది సామాను చేతికందే అలమరలో సర్దినట్టు ఉంటుంది.

మరి మన కంప్యూటరులో ఇబ్బంది ఎక్కడుంది? దీనికి పైసా ఖర్చు లేదు. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అనే మూడు మీటలు ఒక్కసారే నొక్కాలి. తెర మీద ఒక పట్టీ వస్తుంది. నూటికి ఎంత వాడుతున్నదో అంకెల్లో చూపిస్తుంది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు మనకు వచ్చు కదా!

మర్నాడు కోడలు ఆ మీటలు నొక్కింది. ఒక్కొక్క పేరూ చదివి చెప్పింది. పక్కన కూర్చుని పెద్దామె అంకెలు చదివింది. ప్రాసెసరు దగ్గర నూటికి 20. ర్యామ్ దగ్గర 92. డిస్కు దగ్గర 100. కాసేపాగి చూసినా 100 దిగలేదు.

"అంటే వంట మనిషి ఖాళీగానే ఉందన్నమాట. గట్టు ఇరుకు, అటక ఎత్తు" అంది పెద్దామె.

ప్రాసెసరు అంకె ఎప్పుడూ 100 దగ్గరే ఉంటే షాపతని మాట నిజమే అయ్యేది. అప్పుడు ర్యామ్ పెంచినా లాభం తక్కువ.

ఇంకో సంగతి కూడా చూడాలి. కంప్యూటరును నడిపేది విండోస్. అందులో పదో రకానికి కంపెనీ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. పదకొండో రకం అన్ని ప్రాసెసర్లకూ పడదు. ఇంటెల్ కంపెనీ ప్రాసెసరైతే, ఐ3, ఐ5 అని రాసి గీత పక్కన ఒక నంబరు ఉంటుంది. డెస్క్‌టాప్ పెట్టెలో నాలుగంకెల నంబరైతే మొదటి అంకె చూడండి. అయిదంకెలైతే మొదటి రెండంకెలు చూడండి. 4170 అంటే నాలుగో తరం. 12400 అంటే పన్నెండో తరం. ఎనిమిది గానీ అంతకు పైన గానీ ఉండాలి. ఎవరైనా వాడిన కంప్యూటరు చవగ్గా ఇస్తామంటే ముందు చూడవలసింది ఈ నంబరే. పైన పెట్టె తళతళలాడుతుంటుంది, లోపల నాలుగో తరం ఉంటుంది.

సంఘం వాళ్లది 8100. ఎనిమిదో తరం. గట్టెక్కారు.

ఇక ర్యామ్. వీళ్లకున్నది 4 జీబీ. ఈ కాలపు పనులకు అది చాలదు, 8 ఉండాలి. పెట్టె విప్పి చూస్తే ర్యామ్ పెట్టే చోట్లు రెండున్నాయి. ఒకటి ఖాళీ! ఉన్నదాన్ని తీయకుండా పక్కనే ఇంకో 4 జీబీ పెట్టుకోవచ్చు. అయితే ర్యామ్‌లో రకాలున్నాయి. డి.డి.ఆర్. అని రాసి పక్కన 3, 4, 5 అని అంకె ఉంటుంది. 4 పట్టే చోట 3 పట్టదు, 5 పట్టదు. కోత ఉన్న చోటే వేరు. ఆ అంకె కాగితం మీద రాసుకునే షాపుకు వెళ్లాలి. ర్యామ్ ధర కూడా ఎండుమిర్చి ధరలాంటిదే. 2025 చివర్లో బాగా పెరిగింది. నిరుటి ధర ఈ ఏడు ఉండదు. అందుకే రెండు మూడు షాపుల్లో అడగాలి.

ఎస్.ఎస్.డి. 256 జీబీది చాలనుకున్నారు. పాత హార్డ్ డిస్కును పారేయలేదు. ఫొటోలు, పాత కాగితాలు దాచడానికి అదే పెట్టెలో ఉంచారు. పెన్‌డ్రైవులూ ఎస్.ఎస్.డి.లూ సంతలో చవగ్గా దొరుకుతాయి. పైన పెద్ద అంకె ఉంటుంది, లోపల అంత చోటుండదు. అలాంటివి కొనకండి.

పెట్టెను షాపుకు పంపేముందు లీడరు ఒక మాట చెప్పింది. "మా తమ్ముడు రిపేరుకిస్తే లోపలి ర్యామ్ ఒకటి మాయమైంది. ఏముందో రాసుకోలేదు, అడగలేకపోయాడు." అందుకని కోడలు లోపల ఉన్నవన్నీ ఫోనుతో ఫొటోలు తీసింది. పెద్దామె నోటుబుక్కులో రాసింది: ర్యామ్ 4, డిస్కు 1000. సంఘం లెక్కలు రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించారు. ఒకటి లీడరు ఇంట్లో, ఒకటి బ్యాంకు పుస్తకాల పెట్టెలో పెట్టారు. డిస్కు మార్చేటప్పుడు లెక్కలు పోతే మళ్లీ ఎవరు తెస్తారు?

ఈసారి వేరే షాపుకు వెళ్లారు. అక్కడ "విండోస్ కూడా మళ్లీ కొనాలి" అన్నారు. కోడలు ఒప్పుకోలేదు. 2019లో కొన్నప్పుడే డబ్బు కట్టి సక్రమంగా తీసుకున్నారు. డిస్కు, ర్యామ్ మారినంత మాత్రాన మళ్లీ కొననక్కరలేదు. మదర్ బోర్డు మారితేనే ఆ తగాదా వస్తుంది. షాపువాళ్లు ఇక రెట్టించలేదు. రంగు లైట్ల కీబోర్డు చూపించారు. ఆటలు ఆడేవాళ్లు వాడే కార్డు చూపించారు. దరఖాస్తులు నింపడానికి అవెందుకు?

యు.పి.ఎస్. మాత్రం అవసరమే. కరెంటు పోతే అది నాలుగు నిమిషాలు కూడా ఆగడం లేదు. అక్కడా అదే ప్రశ్న: పెట్టె పోయిందా, బ్యాటరీ పోయిందా? బ్యాటరీయే పోయింది. అది ఒక్కటీ మార్చారు. లేజర్ ప్రింటరు ఉన్నవాళ్లు దాని వైరు యు.పి.ఎస్.కు పెట్టకూడదు. అది కరెంటు ఒక్కసారిగా లాగుతుంది.

ప్రింటరు సంగతికి వస్తే లెక్క వేయాలి. ఒక ప్రింటరు చవక. కానీ దాని ఇంకు డబ్బీ 900 రూపాయలు, 300 కాగితాలు వస్తాయి అనుకుందాం. కాగితానికి 3 రూపాయలు. ఇంకో ప్రింటరు కొనేటప్పుడు ఖరీదు ఎక్కువ. కానీ ఇంకు సీసా 500 రూపాయలు, 5000 కాగితాలు వస్తాయి అనుకుందాం. కాగితానికి 10 పైసలు. రోజుకు 50 కాగితాలు తీస్తే, మొదటిదానికి ఇంకు ఖర్చే 150 రూపాయలు. రెండోదానికి 5 రూపాయలు. నెలకు ఒకటో రెండో కాగితాలు తీసే ఇంటికి ఈ లెక్క తిరగబడుతుంది. వాళ్లకు బయట తీయించుకోవడమే మేలు.

ర్యామ్, ఎస్.ఎస్.డి., బ్యాటరీ, బిగించిన కూలి అన్నీ కలిపి పన్నెండు వేల లోపే అయింది. షాపువాళ్లు చిన్న చీటీ మీద మొత్తం వేసి ఇచ్చారు. పెద్దామె దాన్ని తీసుకోలేదు.

"జి.ఎస్.టి. బిల్లు ఇవ్వండి బాబూ. ఒక్కో వస్తువు పేరు, నంబరు, ఎన్నేళ్ల వారంటీ, అన్నీ అందులో రాయండి" అంది.

"ఇంతదానికి బిల్లెందుకు పెద్దమ్మా?"

"రేపు ఇది పాడైతే 1915కు ఫోను చేస్తాను. వినియోగదారుల నంబరు. తెలుగులోనే మాట్లాడతారు. బిల్లేదని అడిగితే ఏం చూపించను?"

బిల్లు వచ్చింది. పెద్దామె కళ్లజోడు పెట్టుకుని వరసగా చదివింది. ఎస్.ఎస్.డి. డబ్బా మీద మూడేళ్లు అని ఉంటే, బిల్లులో ఒక ఏడాది అని పడింది. అక్కడ వేలు పెట్టి చూపించింది. షాపతను దిద్ది సంతకం చేశాడు.

మర్నాడు కోడలు స్విచ్చి వేసింది. అర నిమిషంలో తెర వెలిగింది. మూడు మీటలు నొక్కింది. డిస్కు దగ్గర నూటికి 3.